నీటిని ఆపి, నీటిలోనే విడిపోవలసిన కాగితం

ఒకే కాగితం కొంతసేపు నీటిని తనలోకి రానీయకుండా నిలబడాలి. ఆ తరువాత అదే నీటిలో పోగుపోగుగా విడిపోయి గొట్టం గుండా సాగిపోవాలి. పారిశుద్ధ్య అవసరాలకు ఉద్దేశించిన పూత కాగితం నుంచి కోరుతున్న పని ఇదే. మంచం దిగలేని రోగికి ఆసుపత్రిలో అమర్చే పాత్ర, ఋతుస్రావ సమయంలో స్త్రీలు వాడే నాప్‌కిన్ అడుగు పొర, బహిరంగ మరుగుదొడ్లలో కమోడ్ పీటపై పరచే కాగితపు తొడుగు ఈ కోవకు చెందినవి.

నీటిని నిరోధించడం, నీటికి లొంగిపోవడం పరస్పర విరుద్ధ ధర్మాలు. ఈ వైరుధ్యాన్ని రసాయన శాస్త్రం ఎంతవరకు పరిష్కరించింది, ఆ పరిష్కారం మన దేశపు మరుగుదొడ్లకు ఎంతవరకు సరిపోతుంది అనే ప్రశ్నలు పైకి చిన్నవిగా కనిపించవచ్చు. కాని వీటికి ఇచ్చే సమాధానం తప్పితే ఆ ఫలితాన్ని అనుభవించేది కాగితం తయారుచేసినవారు కాదు, దానిని వాడినవారు కూడా కాదు. మూసుకుపోయిన మ్యాన్‌హోల్ వద్దకు పనికి వచ్చే కార్మికుడే దానిని అనుభవిస్తాడు. ఈ కారణం వలన ఇది ప్రయోగశాలకు మాత్రమే పరిమితమైన విషయం కాదు.

కాగితం తడిస్తే ఎందుకు చిరుగుతుంది?

కాగితానికి మూలపదార్థం సెల్యులోజ్. కలప, వెదురు, గడ్డి, ప్రత్తి పీలికలు - వీటిలో ఏ ముడిసరుకునైనా ఉడికించి, దంచి, గుజ్జుగా మార్చినప్పుడు సెల్యులోజ్ పోగులు లభిస్తాయి. ఆ గుజ్జును నీటిలో పలుచగా కలిపి జల్లెడపై పరచినప్పుడు పోగులు అడ్డదిడ్డంగా ఒకదానిపై ఒకటి పడతాయి. నీరు ఓడి, తేమ ఆరిపోయే కొద్దీ అవి మరింత దగ్గరకు వచ్చి, హైడ్రోజన్ బంధాలతో పరస్పరం అతుక్కుంటాయి. కాగజ్‌నగర్, రాజమహేంద్రవరం మిల్లుల భారీ యంత్రాలపైనైనా, చేతితో కాగితం చేసే కుటీరంలోనైనా జరిగే పని ఇదే. జిగురు ఏదీ కలపకపోయినా కాగితం కాగితంగా నిలవడానికి కారణం ఈ బంధాలే.

కాగితం తడిసినప్పుడు నీటి అణువులు పోగుల మధ్యకు చొరబడి, ఆ బంధాల స్థానాన్ని ఆక్రమిస్తాయి. పోగులు ఒకదానినొకటి విడిచి, నీటితో బంధం కలుపుకుంటాయి. ఏ శుద్ధీ జరపని కాగితానికి తడిసిన తరువాత, ఎండినప్పటి బలంలో సాధారణంగా పదోవంతుకు మించి మిగలదు. మరుగుదొడ్డిలో వాడే పలుచని కాగితం ఈ బలహీనతనే సద్గుణంగా మార్చుకొంటుంది. అది త్వరగా తడవాలి, త్వరగా విడిపోవాలి.

ఇక చేతులు తుడుచుకొనే కాగితం సంగతి వేరు. తడిచేతిలో చిరిగిపోతే అది నిరుపయోగం. కనుక దాని గుజ్జులో ఒక ప్రత్యేకమైన రెజిన్‌ను కలుపుతారు. అది పోగుల మధ్య నీటికి లొంగని రసాయన బంధాలను ఏర్పరుస్తుంది. ఆ కాగితం గంటల తరబడి నీటిలో నానినా ముక్కగానే ఉంటుంది. రెండూ తెల్లగా, మెత్తగా, కంటికి ఒకే విధంగా కనిపిస్తాయి. అయినా ఒకటి గొట్టంలో విడిపోతుంది, మరొకటి గొట్టాన్ని మూసివేస్తుంది. కాగితం అయినంత మాత్రాన అది నీటిలో విడిపోతుందని భావించరాదన్నది ఇక్కడ గ్రహించవలసిన మొదటి అంశం.

నీటిని ఆపే ఉపాయాలు

తామరాకు మీది నీటిబొట్టు తెలుగువారికి చిరపరిచితమైన ఉపమానం. ఆ ఆకు ఉపరితలంపై కంటికి కనిపించని సూక్ష్మమైన బుడిపెలు, వాటిపై మైనపు స్ఫటికాలు ఉంటాయి. నీటిబొట్టు వాటి కొనలపై మాత్రమే ఆనుతుంది. అందువలన అది పరచుకోక, గుండ్రంగా నిలిచి, ఆకు కొంచెం వంగగానే జారిపోతుంది. కాగితానికి నీటి నిరోధకత కల్పించే పద్ధతులన్నింటిలోనూ సూత్రం ఇదే. నీటిని ఆకర్షించే సెల్యులోజ్‌పై నీటిని వికర్షించే పదార్థాన్ని ఉంచాలి.

వ్రాతకాగితంపై సిరా పాకకుండా ఉండటానికి పూర్వం జంతువుల ఎముకలు, చర్మాల నుంచి తీసిన జిగురులో, కొన్ని ప్రాంతాలలో గంజిలో, కాగితాన్ని ముంచి ఆరబెట్టేవారు. 1807లో జర్మనీకి చెందిన మోరిట్జ్ ఫ్రీడ్రిష్ ఇల్లిగ్ మరొక పద్ధతిని ప్రకటించాడు. పైన్ వృక్షాల బంక నుంచి తీసే రోజిన్‌ను పటికతో పాటు గుజ్జులోనే కలిపితే, ప్రతి పోగుకూ నీటిని నిరోధించే గుణం అబ్బుతుందని ఆయన చూపించాడు. యంత్రాలపై కాగితం తయారీ విస్తరించడానికి ఈ పద్ధతి ఎంతో తోడ్పడింది. అయితే పటిక వలన కలిగే ఆమ్లగుణం కాలక్రమంలో కాగితాన్ని పెళుసుబారజేస్తుంది. పాత గ్రంథాలయాలలో పుటలు పసుపువన్నె తిరిగి, వేలు తగిలితే విరిగిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో ఆమ్లం అవసరం లేని కొత్త రసాయనాలు వాడుకలోకి వచ్చాయి.

ఈ పద్ధతులు నీటి ప్రవేశాన్ని ఆలస్యం చేస్తాయే గాని పూర్తిగా ఆపవు. పూర్తిగా ఆపదలచినప్పుడు కాగితంపై మైనంతోనో, పాలిథీన్ పొరతోనో పూత పూస్తారు. టీ తాగి పారవేసే కాగితపు కప్పు లోపలి నిగనిగ ఆ పాలిథీన్‌దే. నీటిని, నూనెను కూడా నిరోధించడానికి ఫ్లోరిన్ కలిగిన రసాయనాలను వాడటం మరొక మార్గం. కాని ఆ రసాయనాలు ప్రకృతిలో సులభంగా విచ్ఛిన్నం కావు. నీటిలో, నేలలో, జీవుల శరీరాలలో అవి దీర్ఘకాలం నిలిచిపోతాయి. ఆహారానికి తగిలే కాగితంలో వీటి వాడకాన్ని డెన్మార్క్ 2020లో నిషేధించింది. మురుగులో కలిసిపోయే కాగితానికి ఇటువంటి పూత ఎంతమాత్రం తగదని వేరుగా చెప్పనక్కరలేదు.

విరుద్ధ ధర్మాల సంధి

నీటిని ఆపే కాగితం ఏదో ఒక సంకేతం అందగానే తన పట్టు విడవాలి. ఆ సంకేతం ఏమిటన్న దానిని బట్టి శాస్త్రజ్ఞులు, పరిశ్రమలు అనుసరించిన మార్గాలను మూడు విధాలుగా విభజించవచ్చు.

మొదటి సంకేతం కాలం. కాగితానికి ఒకవైపు మాత్రమే పలుచని పూత పూసి, రెండవవైపు విడిచిపెడతారు. వాడుకలో ఉన్నంతసేపు తడి పూత ఉన్న వైపునే తగులుతుంది. తొట్టెలో పడిన తరువాత నీరు రెండవవైపు నుంచి పోగులలోకి ప్రవేశించి, వాటిని విడదీస్తుంది. ఆధారం కోల్పోయిన పలుచని పూత ప్రవాహపు ఒత్తిడికి చిన్నచిన్న ముక్కలవుతుంది. పూత మందంగా ఉంటే ముక్కలు కాదు, మరీ పలుచగా ఉంటే వాడుకలోనే కారుతుంది. ఈ మార్గంలోని కష్టం ఆ మధ్యస్థితిని సాధించడమే.

రెండవ సంకేతం నీటి పరిమాణం. పాలివినైల్ ఆల్కహాల్ అనే పదార్థం నీటిలో కరిగే పొరలను ఇస్తుంది. బట్టలుతికే సబ్బుద్రవాన్ని పొట్లాలుగా కట్టడానికి దీనినే వాడుతున్నారు. తయారీలో దాని రసాయన నిర్మాణాన్ని మార్చి, చన్నీటిలో కరిగేటట్లు గాని, వేడినీటిలో మాత్రమే కరిగేటట్లు గాని చేయవచ్చు. కొద్దిపాటి తడికి కొంతసేపు ఓర్చుకొని, సమృద్ధిగా నీరు తగిలినప్పుడు కరిగే పొరలను దీనితో రూపొందిస్తారు. అయితే కరగడం వేరు, జీర్ణం కావడం వేరు. ఉప్పు నీటిలో కరిగితే కంటికి కనిపించదు, కాని ఉప్పు అక్కడే ఉంటుంది. కరిగిన పాలిమర్‌ను సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేయడానికి తగిన జీవులు, తగిన వ్యవధి, తగిన పరిస్థితులు ఉండాలి. మురుగునీటి శుద్ధి కేంద్రమే లేని చోట ఈ మూడూ సమకూరుతాయని భావించలేము.

మూడవ సంకేతం నీటిలోని లవణాలు. తడిగుడ్డల వలె అమ్మే పారిశుద్ధ్య కాగితాలలో ఈ ఉపాయాన్ని ప్రయోగించారు. పోగులను పట్టి ఉంచే జిగురు ఉప్పునీటిలో కరగదు, మంచినీటిలో కరుగుతుంది. పొట్లంలోని ద్రవంలో ఉప్పు ఉన్నందువలన కాగితం గట్టిగా ఉంటుంది. తొట్టెలోని నీటిలో పడగానే ఉప్పు పలుచబడి, జిగురు వదులుతుంది. వినడానికి ఎంతో చక్కని ఉపాయమే. కాని కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఈ జిగురులలో కొన్నింటిని కరగనీయకుండా అడ్డుపడ్డాయి. మెత్తని నీరు లభించే నగరంలో నెగ్గిన కాగితం కఠినజలం లభించే చోట ఓడిపోవచ్చునన్నమాట. దక్కను పీఠభూమిలో అనేక బోరుబావుల నీరు కఠినజలమేనన్న సంగతిని ఇక్కడ జ్ఞాపకం ఉంచుకోవాలి.

ఆసుపత్రిలో నెగ్గిన పద్ధతి

నీటిని ఆపి, తరువాత నీటిలో కలిసిపోయే కాగితం దీర్ఘకాలంగా విజయవంతంగా వాడుకలో ఉన్న స్థలం ఒకటి ఉంది. అది బ్రిటన్‌లోని ఆసుపత్రి. 1960వ దశకం నుంచి అక్కడ మంచం పట్టిన రోగులకు లోహపు పాత్రలకు బదులు, అచ్చుపోసిన కాగితపు గుజ్జు పాత్రలను ఇవ్వడం మొదలైంది. పాత వార్తాపత్రికల గుజ్జులో కొద్దిగా మైనం కలిపి, అచ్చులలో ఒత్తి, ఎండబెట్టి వీటిని తయారుచేస్తారు. ఇవి కొన్ని గంటలపాటు ద్రవాన్ని కారనీయకుండా నిలుపుతాయి. వాడిన తరువాత పాత్రను అందులోని పదార్థంతో సహా ఒక యంత్రంలో వేసి మూత బిగిస్తారు. అందులోకి చన్నీరు చేరుతుంది. పదునైన రెక్కలు తిరిగి, గుజ్జు పాత్ర మళ్లీ గుజ్జుగా మారి, మురుగు గొట్టంలోకి పోతుంది. పాత్రను కడగవలసిన పని నర్సుకు తప్పుతుంది. ఒక రోగి నుంచి మరొక రోగికి అంటువ్యాధి సోకే అవకాశం తగ్గుతుంది.

ఈ పద్ధతి నెగ్గడానికి కారణాన్ని శ్రద్ధగా పరిశీలించాలి. అక్కడ కాగితం ఒంటరిగా పనిచేయడం లేదు. దానిని ముక్కలు చేసే యంత్రం, తగినంత నీరు, నిర్ణీతమైన వాలు గల గొట్టం, నగరపు మురుగు కాల్వ, శుద్ధి కేంద్రం - ఇవన్నీ దాని వెనుక ఉన్నాయి. యంత్రం చేసే పనిని ఇంటి మరుగుదొడ్డిలో ఎవరు చేస్తారన్న ప్రశ్నకు మాత్రం ఈ విజయంలో జవాబు లేదు.

నాప్‌కిన్‌కు రెండు పరీక్షలు

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలోని కింబర్లీ-క్లార్క్ సంస్థ గాయాలకు కట్టే ప్రత్తికి బదులుగా కలపగుజ్జుతో ఒక పీల్చుకొనే పదార్థాన్ని సరఫరా చేసింది. యుద్ధరంగంలోని నర్సులు దానిని తమ ఋతుస్రావ అవసరాలకు కూడా ఉపయోగించారు. యుద్ధానంతరం మిగిలిన ఆ పదార్థానికి మార్గం వెదుకుతూ, సంస్థ 1920లో కోటెక్స్ నాప్‌కిన్‌ను విపణిలో ప్రవేశపెట్టింది. అనగా ఆధునిక నాప్‌కిన్ పుట్టుక కాగితపు గుజ్జులోనే జరిగింది. కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగనాథం గ్రామీణ మహిళలు నడపగల చిన్నయంత్రాలను రూపొందించే ప్రయత్నంలో, కంపెనీల నాప్‌కిన్ లోపల ఉన్నది కేవలం ప్రత్తి కాదని, కలప నుంచి తీసిన సెల్యులోజ్ అని ఎంతో శ్రమకోర్చి తెలుసుకొన్నారు. ఆయనకు 2016లో పద్మశ్రీ లభించింది.

భారతీయ ప్రమాణ సంస్థ నాప్‌కిన్‌లకు నిర్ణయించిన ఐఎస్ 5405 ప్రమాణాన్ని 1980లో సవరించినప్పుడు అందులో రెండు పరీక్షలు చోటు చేసుకొన్నాయి. మొదటిది పీల్చుకొనే శక్తికి సంబంధించినది. నాప్‌కిన్ నడుమ నిమిషానికి 15 మిల్లీలీటర్ల చొప్పున 30 మిల్లీలీటర్ల ద్రవాన్ని పోసినప్పుడు అది అడుగున గాని, పక్కల గాని కనిపించరాదు. రెండవది పారవేయడానికి సంబంధించినది. పైకప్పును తొలగించి, 15 లీటర్ల నీటిలో వేసి కలియబెట్టినప్పుడు లోపలి పదార్థం 5 నిమిషాలలోగా విడిపోవాలి. నీటిని ఆపాలి, నీటిలో విడిపోవాలి అన్న రెండు విరుద్ధ ధర్మాలను ఒకే ప్రమాణపత్రం ఈ విధంగా పక్కపక్కన నిలిపింది.

ఆ తరువాతి కాలంలో నాప్‌కిన్ నిర్మాణం మారింది. పైన పాలిప్రొపిలీన్ పొర, నడుమ కలపగుజ్జుతో పాటు తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పీల్చి జిగటముద్దగా మారే పాలిమర్ రేణువులు, అడుగున పాలిథీన్ పొర - నేడు విరివిగా అమ్ముడయ్యే రకం ఇది. అడుగు పొర నీటిని ఎన్నటికీ వదలదు. నడిమి పదార్థం నీటిలో పడితే విడిపోవడానికి బదులు ఉబ్బుతుంది. అటువంటి నాప్‌కిన్ తొట్టెలో పడితే అది గొట్టానికి బిరడాగా మారుతుంది. పాలిథీన్ స్థానంలో, పూత పూసిన కాగితాన్ని అడుగు పొరగా వాడాలన్న ప్రయత్నాలకు ప్రేరణ ఇదే.

గొట్టం చెప్పిన తీర్పు

ఫ్లష్ చేయవచ్చునని పొట్లంపై ముద్రించినంత మాత్రాన గొట్టం దానిని అంగీకరించదు. 2017లో లండన్ నగరంలోని వైట్‌చాపెల్ వీధి క్రింద, విక్టోరియా కాలపు మురుగు కాల్వలో 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున్న ఒక గట్టి ముద్ద బయటపడింది. వంటనూనెలు, క్రొవ్వు గడ్డకట్టి, దానిలో తడి కాగితపు గుడ్డలు, పసిపిల్లల డయాపర్లు, నాప్‌కిన్‌లు ఇరుక్కొని అది ఏర్పడింది. దానిని తొలగించడానికి వారాలు పట్టింది. దానిలోని ఒక ముక్కను మరుసటి ఏడాది లండన్ మ్యూజియంలో ప్రదర్శించారు. విడిపోని పోగు ఒకటి గొట్టం అతుకులో చిక్కితే, వెనుక వచ్చే క్రొవ్వును, చెత్తను అది వలవలె పట్టుకొంటుంది. మూసివేత సాధారణంగా మొదలయ్యే విధం ఇదే.

ఫ్లష్ చేయదగిన వస్తువులను పరీక్షించే పద్ధతులు కూడా వివాదాస్పదమయ్యాయి. నీరు నింపిన ఒక పెట్టెలో కాగితాన్ని వేసి, పెట్టెను అటూ ఇటూ ఊపి, నిర్ణీత కాలం తరువాత రంధ్రాల జల్లెడలో పోస్తారు. ఎంత భాగం జల్లెడ గుండా పోయిందో తూచి చూస్తారు. ఎంత వేగంగా ఊపాలి, ఎంతసేపు ఊపాలి అన్న విషయంలో ఉత్పత్తిదారుల సంఘాలకు, మురుగునీటి నిర్వహణ సంస్థలకు ఏకాభిప్రాయం కుదరలేదు. నిజమైన గొట్టంలో నీరు మెల్లగా, అరకొరగా పారుతుందని, పెట్టెను బలంగా ఊపి సాధించిన ఫలితం నమ్మదగినది కాదని నిర్వహణ సంస్థల వాదన. బ్రిటన్‌లో నీటి సంస్థలు 2019లో ఒక ధ్రువీకరణ చిహ్నాన్ని ప్రవేశపెట్టి, 2024లో దానిని ఉపసంహరించుకొన్నాయి. మలమూత్రాలు, మరుగుదొడ్డి కాగితం తప్ప మరేదీ తొట్టెలో వేయవద్దన్న ఒకే ఒక్క సందేశం ప్రజలకు సులభంగా చేరుతుందని అవి భావించాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలు 2022లో ఉమ్మడి ప్రమాణాన్ని ప్రకటించాయి. ఒకే సమస్యపై రెండు భిన్నమైన నిర్ణయాలు వెలువడటం ఈ విషయం ఇంకా తేలలేదని సూచిస్తుంది.

మన దేశపు మరుగుదొడ్డి

పైన పేర్కొన్న పరీక్షలన్నీ మురుగు కాల్వ ఉన్నదని భావించి రూపొందించినవి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో పట్టణ ప్రాంతపు కుటుంబాలలో సైతం గొట్టపు మురుగు వ్యవస్థతో అనుసంధానమైనవి 32.7 శాతమే. 38.2 శాతం కుటుంబాలు సెప్టిక్ ట్యాంకులపై ఆధారపడ్డాయి. గ్రామాలలో మురుగు కాల్వ అరుదు. 2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛ భారత్ ఉద్యమం ప్రోత్సహించినది ప్రధానంగా జంట గుంతల మరుగుదొడ్డిని. ఒక గుంత నిండిన తరువాత రెండవ గుంతను వాడుతూ, మొదటిదానిలోని పదార్థం ఏడాది, రెండేళ్లలో ఎరువుగా మారేవరకు వేచి ఉండటం ఈ విధానంలోని విశేషం.

ఈ మరుగుదొడ్డిలో ఒక్కసారికి పోసే నీరు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు. నీటి ఎద్దడి గల గ్రామాలలో ఆ నీటిని సైతం స్త్రీలే మోసుకు రావాలి. ప్రమాణపత్రం చెప్పిన 15 లీటర్ల నీరు ఇక్కడ ఒక్కసారిగా ఎన్నడూ పడదు. పట్టణాలలోని రెండు మీటల తొట్టెలు సైతం 3 నుంచి 6 లీటర్లకు మించి విడువవు. పైగా గుంతలో పడిన దానిని కలియబెట్టేవారెవరూ ఉండరు. లండన్ గొట్టంలో విడిపోయే కాగితం ఇక్కడి వంపు గొట్టం దాటకుండానే నిలిచిపోవచ్చు. దాటినా, దాని పూత జీర్ణం కాకపోతే ఎరువు కావలసిన పదార్థంలో పొరలు పొరలుగా మిగులుతుంది. సెప్టిక్ ట్యాంకులో తేలికైన పొరలు పైకి తేలి, తెట్టులో కలిసి, బయటకు పోయే మార్గాన్ని అడ్డుకొంటాయి.

మూసుకుపోయినప్పుడు ఏమి జరుగుతుందన్నది అన్నింటికన్న ముఖ్యమైన ప్రశ్న. మురుగు కాల్వలలో, సెప్టిక్ ట్యాంకులలో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వాయువులు పేరుకొని ఉంటాయి. రక్షణ సాధనాలు లేకుండా వాటిలోకి మనుషులను దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మురుగు కాల్వలలో మరణించినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. ఆ మొత్తాన్ని 2023లో ముప్ఫయి లక్షలకు పెంచింది. పరిహారాన్ని పెంచవలసి రావడమే మరణాలు ఆగలేదనడానికి నిదర్శనం. తెలుగు కుటుంబంలో, కోలారు బంగారు గనుల ప్రాంతంలో జన్మించిన బెజవాడ విల్సన్ ఈ అమానుష వృత్తి నిర్మూలనకు చేసిన కృషికి 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకొన్నారు. తొట్టెలో జారవిడిచిన ఒక చిన్న వస్తువుకు, మ్యాన్‌హోల్‌లోకి దిగే మనిషికి మధ్యనున్న దూరం ఒక గొట్టం పొడవు మాత్రమే.

ఇదే సమయంలో నాప్‌కిన్ వాడకం పెరగడం ఆరోగ్యరీత్యా హర్షించదగిన పరిణామం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-24 ఏళ్ల వయసు స్త్రీలలో ఋతుస్రావ సమయంలో పరిశుభ్రమైన పద్ధతులు పాటించేవారు 2015-16లో 57.6 శాతం ఉండగా, 2019-21 నాటికి 77.3 శాతమయ్యారు. 2018లో నాప్‌కిన్‌లను వస్తు సేవల పన్ను నుంచి మినహాయించారు. 2019లో జన ఔషధి కేంద్రాలలో ఒక్కొక్కటి ఒక రూపాయికి లభించేటట్లు చేశారు. వాడినవారిని నిందించడం వలన ప్రయోజనం లేదు. పాఠశాలలో మూత గల చెత్తబుట్ట గాని, చుట్టే కాగితం గాని, తలుపుకు గడియ గాని లేనప్పుడు, బాలికకు కనిపించే ఏకైక మార్గం ఆ తొట్టె ఒక్కటే. బుట్ట సమకూర్చవలసిన బాధ్యత పెద్దలది.

పూత కాగితానికి తగిన స్థానం

ఘన వ్యర్థాల నిర్వహణకై 2016లో వెలువడిన నియమాలు, వాడిన నాప్‌కిన్‌లను ఉత్పత్తిదారులు ఇచ్చే సంచులలో గాని, తగిన చుట్టే పదార్థంలో గాని భద్రంగా చుట్టి, పొడిచెత్త బుట్టలో వేయాలని నిర్దేశించాయి. చుట్టడానికి తగిన సంచులను ఉత్పత్తితో పాటు అందజేయవలసిన బాధ్యతను తయారీదారులపై ఉంచాయి. వార్తాపత్రిక తడిని త్వరగా పీలుస్తుంది. చెత్త ఏరే కార్మికురాలి చేతికి ఆ తడి తగులుతుంది. ప్లాస్టిక్ సంచి తడిని ఆపుతుంది కాని నేలలో కలవదు. రోజిన్‌తోనో, మొక్కల మైనంతోనో, జీర్ణమయ్యే పాలిమర్‌తోనో పలుచని పూత పూసిన కాగితపు సంచి ఈ రెండింటి లోపాలనూ సరిదిద్దగలదు. ఒక రోజు, రెండు రోజులు తడిని నిలిపితే దానికి చాలు. ఆ తరువాత ఎరువు గుంతలో నెమ్మదిగా కుళ్లినా నష్టం లేదు. నీటిలో 5 నిమిషాలలో విడిపోవలసిన కఠిన నియమం దీనికి వర్తించదు.

అరటి నార, ప్రత్తి, వెదురు వంటి స్వదేశీ పదార్థాలతో నాప్‌కిన్‌లు తయారుచేసే ప్రయత్నాలు దేశంలో అనేక చోట్ల జరుగుతున్నాయి. ఉతికి మళ్లీ వాడదగిన నాప్‌కిన్‌లకు కూడా 2021లో ప్రత్యేక ప్రమాణం ఏర్పడింది. ఫ్లష్ చేయదగిన నాప్‌కిన్ ఎన్నటికీ అసాధ్యమని ఈ చర్చకు అర్థం కాదు. దానిని ఇక్కడి రెండు లీటర్ల నీటిలో, ఇక్కడి కఠినజలంలో, ఇక్కడి గుంతలో పరీక్షించి చూసిన తరువాతనే ఆ పేరుతో పిలవాలి.

విద్యార్థులు చేయదగిన పరిశీలన

ఈ విషయాన్ని పాఠశాల ప్రయోగశాలలో స్వయంగా పరిశీలించవచ్చు. ఒకే పరిమాణం గల నాలుగు గాజు సీసాలలో సగం వరకు నీరు పోయాలి. మొదటి సీసాలో మరుగుదొడ్డి కాగితాన్ని, రెండవదానిలో హోటళ్లలో చేతులు తుడుచుకొనే కాగితాన్ని, మూడవదానిలో వార్తాపత్రికను, నాలుగవదానిలో కాగితపు కప్పు ముక్కను సమాన వైశాల్యంలో కత్తిరించి వేయాలి. మూత బిగించి, ఒక్కొక్కటి 20 సార్లు మెల్లగా తలక్రిందులు చేసి, ఏది విడిపోయిందో, ఏది ముక్కగా మిగిలిందో వ్రాసుకోవాలి. తరువాత అరగంట, ఒక రోజు, ఒక వారం గడిచిన పిమ్మట మళ్లీ పరిశీలించాలి. కప్పు ముక్క నుంచి కాగితం వదిలిపోయి, పాలిథీన్ పొర ఒక్కటే తేలడం కనిపించవచ్చు.

ఇదే ప్రయోగాన్ని ఒకసారి వాననీటితో, మరొకసారి బోరునీటితో చేసి పోల్చవచ్చు. నాలుగు రకాల కాగితాలను కుండీలోని తడిమట్టిలో పాతిపెట్టి, రెండు మాసాల తరువాత త్రవ్వి చూడవచ్చు. విడిపోవడానికి, జీర్ణం కావడానికి ఉన్న భేదం అప్పుడు వివరణ అవసరం లేకుండానే బోధపడుతుంది. తరగతిలో ఈ పట్టిక పూర్తయిన తరువాత, తమ పాఠశాల మరుగుదొడ్డి గొట్టం ఎక్కడికి పోతుందో, ఆ చివర గుంత ఉన్నదో, ట్యాంకు ఉన్నదో, కాల్వ ఉన్నదో, దానిని ఎవరు, ఏ సాధనాలతో శుభ్రం చేస్తున్నారో విద్యార్థులు విచారించి వ్రాసుకోవాలి. ఏ కాగితాన్ని తొట్టెలో వేయవచ్చునన్న ప్రశ్నకు సరైన సమాధానం ఆ రెండు పట్టికలనూ కలిపి చదివినప్పుడు మాత్రమే లభిస్తుంది.